వర్డ్‌లో ముచ్చటగా ఉన్న కథ వెబ్‌సైట్‌లో పేస్ట్ చేయగానే ఎందుకు చెదిరిపోతుంది?

మీ ఒక్క ప్రశ్నలో నాలుగైదు ప్రశ్నలున్నాయండీ. మీ రచయితలు పంపే వర్డ్ ఫైళ్లను బ్లాగర్‌లో (గూగుల్ వారి ఉచిత బ్లాగు సేవ) పేస్ట్ చేస్తే ఒక ముక్క పెద్దగా, ఇంకో ముక్క చిన్నగా వస్తోంది. పద్యాల పాదాల మధ్య ఎక్కడ లేని ఖాళీ వచ్చి పడుతోంది. ఫోన్‌లో చదివేవాళ్లు పేజీని పక్కకు జరుపుకోవాల్సి వస్తోందని గోల పెడుతున్నారు, మూడో కథకు మీరు స్క్రీన్‌షాట్ కూడా పెట్టారు. పోనీ అని నోట్‌ప్యాడ్‌లో వేసి తెస్తే బోల్డు, హెడ్డింగులు, లింకులు అన్నీ పోతున్నాయి. ఇవి చాలవన్నట్టు ఒక పాత ఫైలు మొత్తం అర్థంకాని ఇంగ్లీషు గుర్తులుగా దిగుతోంది.

ఒక చిన్న తెలుగు వెబ్ పత్రికకు పన్నెండేళ్లుగా పేజీలు పెట్టే పని నాది. వీటిలో నన్ను ఏడిపించనిది ఒక్కటీ లేదు. అందుకని కాస్త పొడుగ్గానే రాస్తున్నాను, ఏమీ అనుకోకండి.

మీరు వర్డ్‌లో కాపీ కొట్టినప్పుడు క్లిప్‌బోర్డులోకి, అంటే కాపీ చేసింది తాత్కాలికంగా ఉండే చోటికి, వెళ్లేది ఒక్క ప్రతి కాదు. అదే మ్యాటరు మూడు నాలుగు వేషాల్లో వెళ్లి కూర్చుంటుంది. ఒకటి ఉత్త అక్షరాలు, ఒకటి ఆర్‌టీఎఫ్ (ఫార్మాటింగ్‌తో సహా దాచే రూపం), ఇంకొకటి హెచ్‌టీఎంఎల్, అంటే వెబ్ పేజీలు రాసే కోడు. పేస్ట్ చేసే చోటు తనకు కావలసిన వేషాన్ని పిలుచుకుంటుంది. నోట్‌ప్యాడ్ ఉత్త అక్షరాలనే తీసుకుంటుంది. వెబ్ ఎడిటర్ మాత్రం హెచ్‌టీఎంఎల్ కనబడగానే ఎగిరి పట్టుకుంటుంది. చిక్కంతా ఆ హెచ్‌టీఎంఎల్‌తోనే. ఆఫీస్ 2000 నాటి నుంచి వర్డ్ తన డాక్యుమెంటును హెచ్‌టీఎంఎల్‌గా దాచి మళ్లీ తెరిచినా ఏమీ పోకూడదన్న ఉద్దేశంతో దాన్ని రాస్తుంది. కాబట్టి ఫాంటు పేరు, సైజు, మార్జిను, లైను ఎత్తు, బులెట్టు ఎంత దూరంలో ఉండాలి, ఇలా కాగితం పేజీకి సంబంధించిన లెక్కలన్నీ అందులో కుక్కేస్తుంది. ఇల్లు మారేవాళ్లు సామాన్లతో పాటు గోడకున్న మేకులు కూడా పీక్కుని కొత్తింటికి వచ్చినట్టన్నమాట. కొత్తింటి గోడలకు అవి అక్కర్లేదు. మీ బ్లాగు థీమ్‌కు తన ఫాంటు, తన సైజు ముందే ఉన్నాయి.

ఒక్క వాక్యం మీద చూపిస్తాను. వర్డ్‌లో “2019లో హైదరాబాద్ వచ్చాను.” అని టైప్ చేసి బ్లాగర్‌లో మామూలుగా పేస్ట్ చేయండి. తర్వాత పైన ఎడమవైపు ఉండే పెన్సిల్ గుర్తు నొక్కి హెచ్‌టీఎంఎల్ వ్యూలోకి వెళ్లండి. మూడు మాటల వాక్యానికి అర పేజీ కోడు కనబడుతుంది. పేరాకు “ఎంఎస్ఓ నార్మల్” అని ఒక క్లాసు, అంటే స్టైలు పేరు. కింద 8 పాయింట్ల మార్జిను, లైను ఎత్తు ఇంత శాతం అని ఒక అంకె. ఇవి మీరు పెట్టినవి కావు, కొత్త డాక్యుమెంటుకు వర్డ్ తనంతట తాను పెట్టుకునే కొలతలు. ఇక లోపల 2019 అనే అంకెలు ఒక ఫాంటులో ఉంటాయి. “లో” దగ్గర ఒక స్పాన్ ట్యాగు (ఇక్కణ్ణుంచి ఈ ముక్క ఇలా ఉండాలని చెప్పే కోడు గుర్తు) మొదలై, భాష తెలుగు, ఫాంటు గౌతమి అంటుంది. చివరి చుక్క చాలాసార్లు మళ్లీ బయటి ఫాంటులోకి వెళ్లిపోతుంది. ఎందుకంటే వర్డ్‌లో ఇంగ్లీషు అక్షరాలకు ఒక ఫాంటు, తెలుగు లాంటి లిపులకు వేరే ఫాంటు, విడివిడిగా సెట్టింగులుంటాయి. అంకె, ఇంగ్లీషు మాట, కొటేషన్ గుర్తు వచ్చినప్పుడల్లా అది ఒక గదిలోంచి ఇంకో గదిలోకి నడుస్తుంది, తలుపు తీసిన ప్రతిసారీ ఒక ట్యాగు. ఇంగ్లీషులో రాసేవాళ్లకు ఇంత బాధ లేదు. తెలుగు, ఇంగ్లీషు, అంకెలు కలిపి రాసే మనకే ఈ అతుకుల బొంత.

మీకు ఒక ముక్క పెద్దగా, ఒక ముక్క చిన్నగా కనబడేది ఇందుకే. ఇంకో తమాషా ఏమిటంటే, గౌతమి విండోస్‌తో వచ్చే ఫాంటు, ఆండ్రాయిడ్ ఫోన్‌లో గానీ ఐఫోన్‌లో గానీ అది ఉండదు. రచయిత తన ల్యాప్‌టాప్‌లో చూసి “నాకు బాగానే ఉందే” అంటాడు. ఫోన్‌లో చూసిన పాఠకుడు బాగాలేదంటాడు. ఇద్దరిదీ నిజమే.

డార్క్ మోడ్ సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. వర్డ్ నుంచో గూగుల్ డాక్స్ నుంచో వచ్చిన అక్షరాలకు “రంగు నలుపు” అని అంటుకుని వస్తే, నల్లటి తెర మీద నల్లటి అక్షరాలు పడి కథ మాయమవుతుంది. “మీ సైట్లో శీర్షిక ఒక్కటే ఉంది, కథ లేదు” అని ఎవరైనా రాస్తే ముందు అనుమానించాల్సింది దీన్నే.

ఇక మందు. కంట్రోల్ + వి బదులు కంట్రోల్ + షిఫ్ట్ + వి నొక్కండి. క్రోమ్, ఎడ్జ్, ఫైర్‌ఫాక్స్ మూడింట్లోనూ ఇది ఉత్త అక్షరాల వేషాన్నే తెస్తుంది. మ్యాక్‌లో సఫారీ వాడేవాళ్లకైతే ఆప్షన్ + షిఫ్ట్ + కమాండ్ + వి. నోట్‌ప్యాడ్‌లోకి వెళ్లి రావడం కూడా చేసేది ఇదే పని, ఒక మెట్టు ఎక్కువ, అంతే.

“మరి బోల్డు పోతుందిగా” అంటారు. పోనివ్వండి. కథలో బోల్డు చేయాల్సినవి ఎన్ని ఉంటాయి? శీర్షిక, రచయిత పేరు, మహా అయితే మధ్యలో మూడు చుక్కల విరామం. ఐదు నిమిషాల్లో చేత్తో పెట్టుకోవచ్చు. మా దగ్గరకు వచ్చే కథలన్నిటికీ నేను కళ్లు మూసుకుని ఉత్త అక్షరాల పేస్టే చేస్తాను. నిజం చెప్పాలంటే వాట్సాప్‌లో మెసేజ్‌గా టైప్ చేసి పంపిన కథ వస్తే నాకు పండగే. అందులో ఫాంటూ లేదు, మార్జినూ లేదు. బోల్డు కోసం వాళ్లు పెట్టిన నక్షత్రాలు తీసేస్తే సరిపోతుంది.

వ్యాసాలైతే వేరే కథ. ఉపశీర్షికలు, లింకులు, ఫుట్‌నోట్లు ముప్ఫై నలభై ఉన్న పరిశోధన వ్యాసాన్ని మళ్లీ చేత్తో కట్టడం అన్యాయం. దానికి నేను వాడేది పాండాక్ అనే ఉచిత ప్రోగ్రాం. వర్డ్ ఫైలును ఇస్తే దాని నిర్మాణం మాత్రమే పట్టుకుని శుభ్రమైన హెచ్‌టీఎంఎల్ ఇస్తుంది. ఏది హెడ్డింగు, ఏది జాబితా, ఏది లింకు, ఏది ఫుట్‌నోటు అన్నది ఉంచుతుంది, ఫాంటు, సైజు, రంగు వదిలేస్తుంది. కమాండ్ విండోలో ఒకే లైను: ప్రోగ్రాం పేరు, మీ ఫైలు పేరు, హైఫన్ పక్కన చిన్న ‘ఓ’, తర్వాత కొత్త ఫైలు పేరు. వచ్చిన ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిచి మొత్తం కాపీ చేసి, బ్లాగర్ హెచ్‌టీఎంఎల్ వ్యూలో పేస్ట్ చేయాలి. ఫుట్‌నోట్లు చివర్లో అంకెలతో, వెనక్కి వెళ్లే బాణాలతో సహా చక్కగా కూర్చుంటాయి. కమాండ్ అనగానే భయపడకండి, మా పత్రికలో అరవై దాటిన మేడమ్ ఒకావిడ ఇదే వాడుతున్నారు. వర్డ్‌లోనే “వెబ్ పేజ్, ఫిల్టర్డ్” అని సేవ్ చేసుకునే మార్గం ఉంది కదా అని ఎవరైనా చెప్తే, నేను చేసి చూశాను. ఆఫీసుకు మాత్రమే పనికొచ్చే ట్యాగులు పోతాయి గానీ ఫాంట్లూ మార్జిన్లూ అలాగే ఉంటాయి. దాని జోలికి పోకండి.

బ్లాగర్‌కు బదులు చాలామంది వాడే వర్డ్‌ప్రెస్‌లో 2018 డిసెంబరులో వచ్చిన బ్లాక్ ఎడిటర్ వర్డ్ చెత్తను చాలావరకు తనే ఊడ్చేసి హెడ్డింగులు, జాబితాలు విడి బ్లాకులుగా మారుస్తుంది. ఎప్పుడైనా అటు మారే ఆలోచన ఉంటే ఈ ఒక్క కారణం చాలు.

కానీ ఏ దారిలో వెళ్లినా ఒక షరతుంది. వర్డ్‌లో హెడ్డింగు నిజంగా హెడ్డింగై ఉండాలి. మామూలు పేరాను బోల్డు చేసి, సైజు 16 పెట్టి, మధ్యకు జరిపితే అది మన కంటికి హెడ్డింగు. ప్రోగ్రాం కంటికి లావుగా ఉన్న పేరా, అంతే. కర్సరు ఆ లైను మీద పెట్టి కంట్రోల్ + ఆల్ట్ + 2 నొక్కితే రెండో స్థాయి హెడ్డింగు అవుతుంది. ఒకటో స్థాయిని పోస్టు శీర్షికకు వదిలేయండి.

గూగుల్ డాక్స్ నుంచి వచ్చే వాటిలో ఒక వింత ఉంది. అది మొత్తం మ్యాటరును ఒక బోల్డు ట్యాగులో చుట్టి, పక్కనే “బోల్డు వద్దు, మామూలుగా ఉండు” అని స్టైల్ రాస్తుంది. మీ ఎడిటర్ అతి తెలివికి పోయి స్టైల్ తీసేసి ట్యాగును ఉంచిందనుకోండి, వ్యాసం మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా నల్లగా లావుగా వస్తుంది. మొదటిసారి చూసినప్పుడు రచయిత మీద కోప్పడ్డాను, పాపం ఆయన తప్పేం లేదు.

పద్యాల సంగతికి వస్తే, వర్డ్‌లో ఎంటర్ నొక్కిన ప్రతిసారీ కొత్త పేరా పుడుతుంది. కందపద్యానికి నాలుగు పాదాలంటే నాలుగు పేరాలు, ఒక్కోదాని కింద ఖాళీ. పాదం చివర నొక్కాల్సింది షిఫ్ట్ + ఎంటర్. అప్పుడు పద్యం మొత్తం ఒకే పేరాగా ఉండి లోపల లైను మాత్రమే విరుగుతుంది. ఇప్పటికే టైపై వచ్చిన శతకం ఉంటే పద్యాన్ని సెలెక్ట్ చేసి కంట్రోల్ + హెచ్ తెరవండి. వెతికే గడిలో క్యారెట్ గుర్తు (^) పక్కన చిన్న ‘పీ’, మార్చే గడిలో క్యారెట్ పక్కన చిన్న ‘ఎల్’ పెట్టండి. సెలెక్ట్ చేసినంత మేరే మార్చి, మిగతా డాక్యుమెంటు కూడా మార్చనా అని వర్డ్ అడిగితే వద్దనండి. ఒకసారి నేను తొందరలో సరేనన్నాను, ముందుమాట కూడా పద్యమైపోయింది.

ఫోన్‌లో పేజీ పక్కకు జరగడానికి నేరస్థులు ఇద్దరు. మొదటిది టేబుల్. వర్డ్ టేబుల్ ఏ4 పేజీలో మార్జిన్లు పోను మిగిలిన వెడల్పును పట్టుకుని వస్తుంది, దాదాపు 450 పాయింట్లు, అంటే 600 పిక్సెళ్లు. చాలా ఫోన్లలో తెర వెడల్పు వెబ్ లెక్కన 360 నుంచి 430. ఇరుకు గుమ్మంలోంచి డబుల్ కాట్ ఎలా వెళ్తుంది? హెచ్‌టీఎంఎల్ వ్యూలో ఆ టేబుల్, గడుల ట్యాగుల్లో ఉన్న వెడల్పు అంకెలు తీసేయండి. రెండోది కంటికి కనబడని దొంగ. మామూలు ఖాళీలా ఉంటుంది గానీ అక్కడ లైను విరగదు. వర్డ్‌లో ఎవరైనా వరసగా స్పేస్‌బార్ కొట్టి పేరా మొదలు జరిపితే ఆ ఖాళీలు ఇలా మారి వస్తాయి. బులెట్లు చెడిపోయి వచ్చినా చూడండి, చుక్క పక్కన 7 పాయింట్ల టైమ్స్ న్యూ రోమన్ ఫాంటులో ఇవే వరసగా ఉంటాయి, అది జాబితా కాదు, జాబితా వేషం వేసిన పేరా. మన తెలుగు మాటలు అసలే పొడుగు. రెండు మూడు పెద్ద మాటలు ఈ విరగని ఖాళీతో అతుక్కుంటే లైను తెర దాటి వెళ్లిపోతుంది. ఫైల్లోనే ముందు నుంచి ఉన్నవైతే వర్డ్‌లోనే కంట్రోల్ + హెచ్‌లో క్యారెట్ పక్కన చిన్న ‘ఎస్’ వెతికి, మామూలు స్పేస్‌తో మార్చేస్తే పోతాయి. స్పేస్‌బార్ వల్ల పుట్టినవైతే వర్డ్‌లో ఆ అదనపు ఖాళీలనే తీసేయాలి.

జస్టిఫై కూడా తీసేయండి, దయచేసి. కాగితం మీద రెండు అంచులూ సమానంగా ఉంటే అందమే. ఫోన్ తెర మీద లైనుకు మూడు మాటలు పడతాయి, వాటిని అంచు నుంచి అంచుకు సాగదీస్తే మాటల మధ్య బస్సు పట్టేంత ఖాళీ వస్తుంది.

ఇప్పుడు అసలు జాగ్రత్త. ఇది ఇంగ్లీషులో రాసిన సలహాల్లో మీకు దాదాపు దొరకదు, పైగా ఆ సలహాలు మన కొంప ముంచుతాయి. కనబడని గుర్తులన్నీ చెత్తే అనుకోకండి. తెలుగులో ఒకటుంది, దాని పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్, పొట్టిగా జెడ్‌డబ్ల్యూఎన్‌జే. “సాఫ్ట్‌వేర్” అన్న మాటలో ‘ట్’కూ ‘వే’కూ మధ్య అదే కూర్చుని ఉంటుంది. దానికి వెడల్పు లేదు, రూపం లేదు, పొల్లునూ తర్వాతి హల్లునూ కలవకుండా ఆపడమే దాని పని. అది పోతే “సాఫ్ట్వేర్” అవుతుంది. “హైదరాబాద్‌లో” కాస్తా “హైదరాబాద్లో” అవుతుంది. “ఫేస్‌బుక్” “ఫేస్బుక్” అవుతుంది.

కొన్నేళ్ల కింద నేను సైటంతా శుభ్రం చేస్తున్నానన్న ఉత్సాహంలో, ఆన్‌లైన్‌లో దొరికిన ఒక క్లీనర్‌లో వేసి రెండు సంచికల వ్యాసాలు బయటికి తీశాను. “కనబడని అక్షరాలు తొలగించు” అన్న గడిలో టిక్కు పెట్టి ఉంది, నేను చూసుకోలేదు. మర్నాడు ఒక పెద్దాయన ఫోన్ చేసి “ఏమయ్యా, మీ పత్రికలో అందరికీ నత్తి వచ్చిందా?” అన్నారు. వెనక్కి పెట్టడానికి అడ్డదారి లేదు. ‘ద్’ తర్వాత ‘వ’ వచ్చిన ప్రతిచోటా విడగొడదామంటే “ద్వారా” కూడా విడిపోతుంది. చివరికి రచయితల అసలు ఫైళ్లు వెతికి మళ్లీ పేస్ట్ చేశాను. రెండు ఆదివారాలు పట్టింది. కాబట్టి ఏ క్లీనర్ వాడినా ముందు “సాఫ్ట్‌వేర్” ఒక్కటి వేసి చూడండి, కలిసి వచ్చిందంటే దాన్ని మూసేయండి. కంట్రోల్ + షిఫ్ట్ + వి మాత్రం దీన్ని ముట్టుకోదు. వర్డ్‌లో ఎక్కడైనా విడిగా పెట్టాల్సి వస్తే, 200 అని కొట్టి, ఖాళీ లేకుండా పక్కనే ఇంగ్లీషు ‘సీ’ పెట్టి ఆల్ట్ + ఎక్స్ నొక్కండి, అంకెలు మాయమై అది వస్తుంది.

బొమ్మలు వర్డ్ నుంచి పేస్ట్‌లో తేవద్దు. వచ్చినా అవి మీ కంప్యూటర్లోని తాత్కాలిక ఫోల్డర్ చిరునామాతో వస్తాయి. ఆ చిరునామా మీ కంప్యూటర్ దాటితే చెల్లదు, పాఠకుడికి విరిగిన బొమ్మ గుర్తే మిగులుతుంది. గూగుల్ డాక్స్ బొమ్మలు మొదట కనబడి, తర్వాత ఎప్పుడో లింకు చచ్చిపోయి మాయమవుతుంటాయి. విడిగా అప్‌లోడ్ చేసుకోవడమే మేలు. ఫుట్‌నోట్లలో కూడా ఇదే జబ్బుంది. నేరుగా పేస్ట్ చేస్తే ఆ అంకె లింకు కొన్నిసార్లు సీ డ్రైవ్, యూజర్లు, తర్వాత మనిషి పేరు, ఫోల్డరు పేరు అంటూ వెళ్తుంది. కలంపేరుతో రాసే ఒకావిడ అసలు పేరు మా సైట్లో మూడు రోజులు అలా వేలాడింది. ఆవిడే చూసి చెప్పారు. క్షమాపణ చెప్పుకున్నాను గానీ ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గేస్తుంది. అప్పటి నుంచి పబ్లిష్ నొక్కే ముందు హెచ్‌టీఎంఎల్ వ్యూలో కంట్రోల్ + ఎఫ్ కొట్టి, ఇంగ్లీషులో ‘ఫైల్’ అన్న మాట పక్కన కోలన్ పెట్టి వెతకడం అలవాటైంది.

చివరగా ఆ పాత ఫైలు. ఇంగ్లీషు గజిబిజిలో రెండు రకాలున్నాయి, మందు వేరు వేరు. మీ గజిబిజి నిండా నెత్తిన ఏటవాలు గీత ఉన్న చిన్న ఇంగ్లీషు ‘ఏ’ అక్షరం, దాని పక్కన డిగ్రీ గుర్తో ప్లస్-మైనస్ గుర్తో పదే పదే కనబడుతున్నాయా? అయితే అది యూనికోడ్ (ప్రతి లిపిలోని అక్షరానికీ సొంత కోడు ఇచ్చే ప్రమాణం) తెలుగే, తప్పు ఎన్‌కోడింగ్‌లో, అంటే బైట్లను తప్పు పట్టికతో చదివి, తెరుచుకుంది. యూనికోడ్‌ను ఫైల్లో దాచే మామూలు పద్ధతి యూటీఎఫ్-8, అందులో ప్రతి తెలుగు అక్షరమూ మూడు బైట్లు, మొదటి రెండు బైట్లు ఎప్పుడూ ఆ రెండు జతల్లో ఒకటే, అందుకే ఆ వరస. ఫైలును యూటీఎఫ్-8 అని చెప్పి తెరిస్తే తెలుగు తిరిగి వస్తుంది. అన్నీ ప్రశ్నార్థకాలే కనబడితే మాత్రం ఆశ వదులుకోండి, అక్కడ అక్షరాలు చెరిగిపోయాయి, మరో ప్రతి వెతుక్కోవాలి.

ఈ రెండూ కాకుండా బ్రాకెట్లు, నెత్తిన గీతలూ చుక్కలూ ఉన్న ఇంగ్లీషు అక్షరాలు అడ్డదిడ్డంగా ఉంటే, అది చాలావరకు ‘అను’ అనే పాత తరహా తెలుగు ఫాంట్లలో టైప్ చేసిన మ్యాటరు. డీటీపీ సెంటర్లో పేజ్‌మేకర్ అనే పేజీలు పేర్చే ప్రోగ్రాంలో చేయించిన పాత పుస్తకాలన్నీ దాదాపు ఇలాగే ఉంటాయి. అక్కడ లోపల దాగింది తెలుగు అక్షరం కాదు, ఇంగ్లీషు అక్షరాల కోడు, దాని మీద తెలుగు బొమ్మ తొడిగారు. ఫాంటు తీయగానే లోపలిది బయటపడింది. దీన్ని ఫార్మాటింగ్‌తో బాగుచేయలేం, యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లో వేయాలి. వేసే ముందు అది అను 6నా, 7నా అన్నది డీటీపీ చేసినవాళ్లను అడిగి తెలుసుకోండి, రెండింటి పట్టికలూ ఒకటి కావు. మ్యాటరులో నిజంగా ఇంగ్లీషు మాటలుంటే వాటిని ముందే తీసి పక్కన పెట్టుకోండి, లేకపోతే కన్వర్టరు వాటినీ తెలుగనుకుని నమిలేస్తుంది. మారాక వత్తులు, అంకెలు, కొటేషన్లు ఒక్కొక్కటీ చదివి దిద్దుకోక తప్పదు. ఫైలు బదులు పీడీఎఫ్ మాత్రమే ఉంటే దాన్నుంచి కాపీ కొట్టకండి, వత్తులు ఒకచోట, గుణింతాలు ఇంకోచోట పడతాయి. గూగుల్ డ్రైవ్‌లో పెట్టి గూగుల్ డాక్స్‌తో తెరిస్తే బొమ్మ చూసి చదివినట్టు చదివి టెక్స్టు ఇస్తుంది, పాత ముద్రణైనా చాలావరకు పనికొస్తుంది.

ఇప్పటికే పెట్టేసిన పోస్టులకు తక్కువ శ్రమ దారి ఇదీ. కంపోజ్ వ్యూలో (బ్లాగర్‌లో మామూలుగా రాసే తెర) మొత్తం సెలెక్ట్ చేసి, కట్ చేసి, అక్కడే కంట్రోల్ + షిఫ్ట్ + వి కొట్టండి. బొమ్మలు, లింకులు పోతాయి కాబట్టి అవి ఎక్కడున్నాయో ముందే రాసి పెట్టుకోండి. క్లియర్ ఫార్మాటింగ్ బొత్తాం కూడా ఉంది గానీ, పేరా మార్జిన్లు దానికి లొంగకపోవడం చాలాసార్లు చూశాను. మీరు ఫోన్ స్క్రీన్‌షాట్ పెట్టిన ఆ మూడో కథతో మొదలుపెట్టండి. అందులో రచయిత పరిచయాన్ని ఎవరో రెండు గడుల టేబుల్లో పెట్టినట్టు కనబడుతోంది. పేజీని పక్కకు లాగుతున్నది బహుశా అదే. టేబుల్ తీసి మామూలు పేరాగా పెట్టి ఫోన్‌లో చూడండి. అప్పటికీ జరుగుతుంటే హెచ్‌టీఎంఎల్ వ్యూలోంచి మొదటి రెండు పేరాల కోడు ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాను.